జ్వరం వచ్చిన రోజున పాత జబ్బును మర్చిపోవద్దు

అమ్మా, ఇదే బెంగతో ఉన్న మరికొందరు కూడా చదువుతారు కాబట్టి మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను. మీ బాపుకు 61 ఏళ్లు. పరకాల దగ్గర ఊర్లో పత్తి, మిర్చి వేస్తారు. 14 ఏళ్లుగా షుగర్, 8 ఏళ్లుగా బీపీ. పోయిన ఏడాది చేయించిన రక్త పరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6 వచ్చింది. షుగర్‌కు మూడు రకాల గోలీలు, బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటున్నారు. ఆ మూడో షుగర్ గోలీ పేరు చీటీలో మీకు అర్థం కాలేదు. ఇప్పుడు ఊరంతా విషజ్వరాలు. పక్కింట్లో షుగర్ ఉన్న పెద్దాయన జ్వరం వచ్చిన ఐదో రోజున చనిపోయారు. "షుగరున్నోళ్లకు వైరస్ తగిలితే ఇక అంతే" అని ఊర్లో అనుకుంటున్నారు. ఆ మాట విని బాపు సరిగా తినడం మానేశారు, మీరు హైదరాబాద్‌లో ఉండి టెన్షన్ పడుతున్నారు. ఆ మాట నిజమేనా, మందులు ఆపాలా, ఏం చేయాలి అని అడిగారు.

నేను హన్మకొండలో 27 ఏళ్లుగా జనరల్ మెడిసిన్ డాక్టరుగా పనిచేస్తున్నాను. 2015 స్వైన్ ఫ్లూ, ఏటా వచ్చే డెంగీ, కోవిడ్ రెండు వేవ్‌లు అన్నీ వార్డులో ఉండి చూశాను. నేను చూసినంతలో పాత జబ్బు ఉన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతిన్నది ఒకచోట. జ్వరం రాగానే ఇంటిల్లిపాదీ జ్వరం వెంట పడతారు, పద్నాలుగేళ్లుగా ఉన్న షుగర్‌ను, సగం పనిచేస్తున్న కిడ్నీని ఆ వారం రోజులు ఎవరూ పట్టించుకోరు. ఆ వారంలోనే చాలా ప్రాణాలు ప్రమాదంలో పడతాయి. కాబట్టి కింద రాసేదంతా ఆ వారం గురించే.

ముందు లెక్క చెబుతాను, ఎందుకంటే బాపు భయం తగ్గాలి. 2020లో ఇంగ్లండ్‌లో 1.7 కోట్ల మందికి పైగా పెద్దవాళ్ల వైద్య రికార్డులు తీసి, కోవిడ్‌తో ఎవరు చనిపోయారో పరిశీలించారు. వయసు, బరువు, మిగతా జబ్బులు అన్నీ లెక్కలోకి తీసుకున్నాక తేలింది ఇది. షుగర్ అదుపులో ఉన్నవాళ్లకు చనిపోయే ముప్పు షుగర్ లేనివాళ్లతో పోలిస్తే దాదాపు 1.3 రెట్లు. అదుపు తప్పినవాళ్లకు దాదాపు 2 రెట్లు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు రెండున్నర రెట్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకు మూడున్నర రెట్లు. బీపీని విడిగా చూస్తే మరణంతో గట్టి సంబంధమేమీ కనపడలేదు. వీటన్నిటినీ మించిపోయింది వయసు. 50ల్లో ఉన్నవాళ్లతో పోలిస్తే 80 దాటినవాళ్లకు ముప్పు 20 రెట్లు.

రెట్లు అన్న మాట వింటే గుండె జారుతుంది. దాన్ని ఇలా అర్థం చేసుకోండి. ఏదో ఒక జ్వరంలో ఆ వయసు వాళ్లు వందలో ఒకరు చనిపోతారని అనుకుందాం. రెండు రెట్లు అంటే వందలో ఇద్దరు. మిగతా 98 మంది లేచి తిరుగుతారు. ఈ మాట బాపుకు ఫోన్‌లో చెప్పండి, ఇదే అంకెతో చెప్పండి. "ఏం కాదులే" అంటే పెద్దవాళ్లు నమ్మరు.

ఆ లెక్కలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది 1.3కీ 2కీ ఉన్న తేడా. జబ్బు పేరు ఒకటే, ఇద్దరి చీటీ మీదా షుగర్ అనే ఉంటుంది. ఒకరికి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7.5 లోపు ఉంది, మరొకరికి ఆపైన ఉంది. అంతే తేడా. 2020లో రోజూ వచ్చే మరణాల వార్తల్లో "ఇతర జబ్బులు కూడా ఉన్నాయి" అని ఒక వాక్యం ఉండేది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆ వాక్యం చదివి ఊపిరి పీల్చుకునేవారు, షుగర్ ఉన్నవాళ్లు అది చదివి తమకు రాసిపెట్టినట్టే భావించేవారు. ఆ వాక్యం చాలామందిని మానసికంగా కుంగదీసింది. ఇప్పుడు మీ ఊర్లో అంటున్న మాట కూడా అక్కడి నుంచి వచ్చిందే.

అసలు పాత జబ్బు ఉంటే వైరస్ ఎందుకు ఎక్కువ దెబ్బ తీస్తుందో చెబుతాను. మీ బాపు చెరువు కింద సేద్యం ఎరిగిన మనిషి కాబట్టి ఆయనకు తేలికగానే అర్థమవుతుంది. సగం పూడిక నిండిన చెరువు మంచి వానలు పడిన ఏడాది నిండుగానే కనిపిస్తుంది, మత్తడి కూడా దుంకుతుంది. కింద పొలాలు పారుతాయి, ఎవరికీ అనుమానం రాదు. ఒక నెల వాన లేకపోతే అప్పుడు తెలుస్తుంది, పూడిక లేని చెరువులో నీళ్లు ఇంకా ఉంటాయి, దీంట్లో అడుగు కనిపిస్తుంది. క్రియాటినిన్ 1.6 ఉన్న 61 ఏళ్ల మగమనిషి కిడ్నీలు దాదాపు సగం సామర్థ్యంతో పనిచేస్తున్నట్టు. మామూలు రోజుల్లో ఆ సగం సరిపోతుంది. అందుకే బాపుకు ఏ బాధా తెలియదు. జ్వరం వచ్చి, నాలుగు వాంతులై, రెండు రోజులు నీళ్లు సరిగా తాగకపోతే అప్పుడు ఆ సగం చాలదు.

జ్వరం ఒళ్లంతటికీ అదనపు పని. ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే శరీరానికి కావాల్సిన ఆక్సిజన్ దాదాపు పది శాతం పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకోవాలి, ఊపిరితిత్తులు ఎక్కువ గాలి పీల్చాలి. గట్టి గుండె నాలుగు రోజులు ఆ పని చేస్తుంది, ఒకసారి దెబ్బతిన్న గుండె చేయలేదు.

ఇక షుగర్. జ్వరం వచ్చినప్పుడు శరీరం కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు వదులుతుంది. అవి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. మనిషి ఏమీ తినకపోయినా కాలేయం నుంచి చక్కెర రక్తంలోకి వస్తూనే ఉంటుంది. "తినట్లేదు కదా, షుగర్ గోలీ ఎందుకు" అని పూర్తిగా మానేసినవాళ్లు మూడో రోజున 400, 450తో వస్తారు. చక్కెర అంత పెరిగితే మూత్రం ఎక్కువగా పోతుంది, ఒంట్లో నీరు ఎండిపోతుంది, రక్తం చిక్కబడుతుంది. సూక్ష్మజీవులను మింగే తెల్ల రక్తకణాలు కూడా మందగిస్తాయి. దాంతో వైరస్ వెనకాలే న్యుమోనియా బ్యాక్టీరియా దూరుతుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్ల రక్తనాళాల లోపలి పొర ముందే దెబ్బతిని ఉంటుంది. కోవిడ్, డెంగీ రెండూ ఆ పొర మీదే దెబ్బకొట్టే వైరస్‌లు.

దీనికి మన దగ్గర ఒక చెడ్డ అలవాటు తోడవుతుంది. జ్వరం అనగానే ఊర్లో ఒక సూది, ఒక గ్లూకోజ్ బాటిల్. ఆ సూదిలో చాలాసార్లు డెక్సామెథాసోన్ ఉంటుంది. జ్వరం కొన్ని గంటల్లో దిగుతుంది, ఒళ్లు తేలికపడుతుంది, మనిషి మెచ్చుకుంటాడు. అది స్టెరాయిడ్. 2020లో బ్రిటన్‌లో చేసిన పెద్ద పరిశోధనలో ఈ డెక్సామెథాసోనే కోవిడ్‌లో ప్రాణాలు కాపాడింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గించింది. అయితే ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు దానివల్ల మేలు జరగలేదని కూడా అదే పరిశోధన చెప్పింది. ఆ రెండో సగాన్ని మనం వినలేదు. 2021 వేసవిలో ఇళ్లలోనే రెండో రోజు నుంచి స్టెరాయిడ్ గోలీలు మింగారు, షుగర్ 500 దాటింది. ఆ తర్వాత వచ్చిన బ్లాక్ ఫంగస్‌లో కన్ను, దవడ పోగొట్టుకున్నవాళ్లలో అత్యధికులు షుగర్ ఉన్నవాళ్లే. ఆ ఏడాది మే నెలలో మన ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా రిపోర్టు చేయాల్సిన జబ్బుగా ప్రకటించాల్సి వచ్చింది. హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ దవాఖానకు ఇక్కడి నుంచి మేం పంపించినవాళ్ల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. కాబట్టి బాపుకు గట్టిగా చెప్పండి: సూది వేయబోయే ముందు "ఇందులో స్టెరాయిడ్ ఉందా, నాకు షుగర్ ఉంది" అని అడగాలి. అడగడం తప్పు కాదు.

ఇప్పుడు మీ ఊర్లో తిరుగుతున్న జ్వరం ఏదో నాకు తెలియదు కానీ, వానాకాలం పరకాల వైపు అంటే ముందు డెంగీని అనుమానించాలి. కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు డెంగీలో వచ్చే కష్టం వేరే రకం. దాన్ని కాస్త వివరంగా రాస్తాను. డెంగీలో ప్రాణం పోయేది సాధారణంగా ప్లేట్‌లెట్లు తగ్గినందుకు కాదు. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, సరిగ్గా జ్వరం తగ్గుతున్న సమయంలో, రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోతుంది. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. జ్వరం తగ్గింది కదా అని ఇంట్లో అందరూ నిమ్మళమవుతారు, ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. మీ పక్కింటి ఆయన ఐదో రోజున పోయారని రాశారు. ఆయనకు ఏం జరిగిందో చూడకుండా చెప్పలేను, కానీ ఐదో రోజు అనగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

ఈ దశలో చికిత్స అంటే ముఖ్యంగా సెలైన్. ఎంత ఎక్కించాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే అసలు విద్య. గట్టి మనిషికి అర లీటరు అటూ ఇటూ అయినా కిడ్నీలు సర్దుకుంటాయి. సగం కిడ్నీ ఉన్న మనిషికి తక్కువైతే షాక్, ఎక్కువైతే కారిన నీరు తిరిగి రక్తంలోకి వచ్చే ఆరో, ఏడో రోజున ఊపిరితిత్తులు నీటితో నిండి ఆయాసం. ఒక ఊర్లో రోజుకు మూడు బాటిళ్ల చొప్పున నాలుగు రోజులు ఎక్కించుకుని, డెంగీ తగ్గాక ఊపిరాడక నా దగ్గరికి వచ్చిన అమ్మను చూశాను. ఆమెకు గుండె నీరసమని ఇంట్లో తెలుసు, బాటిల్ ఎక్కించినవారికి ఎవరూ చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన డెంగీ మార్గదర్శకాల్లో షుగర్, కిడ్నీ జబ్బు, పెద్ద వయసు, గర్భం లాంటివి ఉన్నవాళ్లను ప్రమాద సూచనలు లేకపోయినా దవాఖానలో చేర్చి చూడాలని ఉన్నది ఇందుకే. బాపుకు డెంగీని పట్టే ఎన్‌ఎస్1 పరీక్ష పాజిటివ్ వస్తే ఇంట్లో పెట్టుకోకండి, ఊర్లో బాటిల్ ఎక్కించకండి. రోజూ ప్లేట్‌లెట్లతో పాటు రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పీసీవీ అనే అంకె కూడా చూడమని అడగండి. ప్లేట్‌లెట్లు తగ్గుతూ పీసీవీ పెరుగుతుంటే నీరు కారుతున్నట్టు. రక్తస్రావం లేకుండా, 10,000 కంటే దిగకుండా ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని సాధారణంగా రాదు. 40,000 చూసి రాత్రికి రాత్రి అప్పు చేసి పరుగులు పెట్టకండి.

బొప్పాయి ఆకు రసం గురించి ఎవరో ఒకరు చెబుతారు. వాంతులవుతున్న మనిషికి అది తాగించి ఇంకా వాంతులు చేయించకండి. కొబ్బరినీళ్ల విషయంలో కూడా జాగ్రత్త. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ సగం పనిచేస్తూ టెల్మిసార్టాన్ వేసుకునేవాళ్లకు ఒంట్లో పొటాషియం ముందే కాస్త పైన ఉండొచ్చు, రోజుకు నాలుగు బోండాలు తాగితే గుండె లయ తప్పే స్థాయికి పోవచ్చు. మజ్జిగ, గంజి, జావ, మామూలు నీళ్లు, వాంతులు విరేచనాలు ఉంటే ఓఆర్‌ఎస్ చాలు. ఓఆర్‌ఎస్‌లో చక్కెర ఉంది కదా అని షుగర్ ఉన్నవాళ్లు భయపడతారు. ఒంట్లో నీరు పోతున్నప్పుడు అది తాగవచ్చు. షాపులో దొరికే గ్లూకోజ్ పొడి మాత్రం వద్దు.

మందుల మాటకు వద్దాం, మీరు అడిగిన వాటిలో ముఖ్యమైనది ఇదే. 2020లో బీపీ గోలీల మీద ఒక పుకారు లేచింది. టెల్మిసార్టాన్ లాంటివి వేసుకుంటే కోవిడ్ వైరస్ కణాల్లోకి సులువుగా దూరుతుందని. చాలామంది భయపడి ఆపేశారు, కొందరు బీపీ 220తో పక్షవాతం వచ్చి చేరారు. తర్వాత బ్రెజిల్‌లో దీని మీదే పరీక్ష పెట్టారు. కొందరికి ఆ గోలీలు ఆపి, కొందరికి కొనసాగించి చూస్తే, ఆపినందువల్ల ఏ ప్రయోజనమూ కనపడలేదు. కాబట్టి జ్వరం వచ్చిందన్న ఒక్క కారణంతో బీపీ గోలీ ఆపకూడదు. కానీ వాంతులు, విరేచనాలు అవుతూ నీళ్లు నిలవకపోతే, లేదా పై బీపీ 100 కంటే పడిపోతే సంగతి వేరు. అప్పుడు అదే టెల్మిసార్టాన్ కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది. ఆ రోజున డాక్టరుకు ఫోన్ చేసి ఆపాలి, తిండీ నీళ్లూ నిలిచాక మళ్లీ మొదలుపెట్టాలి. మళ్లీ మొదలుపెట్టడం మర్చిపోతారు, అది రాసిపెట్టుకోండి.

షుగర్ గోలీల్లో మెట్‌ఫార్మిన్ కూడా అంతే. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోతే, అదీ కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు, కొద్ది రోజులు ఆపాల్సి వస్తుంది. గ్లిమెపిరైడ్ వేసుకుని తినకపోతే షుగర్ 60కి, 50కి పడిపోతుంది, కిడ్నీ సగం పనిచేసేవాళ్లలో ఆ మందు ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. పొద్దున చెమటలు పట్టి పలకకుండా పడుకున్న పెద్దమనిషిని జ్వరం నీరసం అనుకుని వదిలేసిన ఇళ్లు ఉన్నాయి. మీ బాపు వేసుకునే ఆ మూడో గోలీ మీద నాకు అనుమానం ఉంది. ఈ మధ్య కిడ్నీని కాపాడడానికి డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్ ఇస్తున్నారు. మంచి మందులే, నేనూ రాస్తాను. కానీ తిండి లేకుండా జ్వరంతో ఉన్నప్పుడు వీటివల్ల రక్తంలో ఆమ్లం పెరిగిపోవచ్చు. అప్పుడు షుగర్ మీటర్‌లో 180, 200 లాంటి మామూలు అంకే కనిపిస్తుంది. వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి తీయడం ఉంటాయి, మీటర్ చూసి అందరూ మోసపోతారు. అందుకే తిండి మానేసిన రోజున ఈ గోలీ ఆపాలని ముందే చెప్పి ఉంచాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం దాన్ని పూర్తిగా ఎప్పుడూ ఆపకూడదు, మోతాదు మార్చాలి.

ఒంటినొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ గోలీలు, నడుముకు వేసే నొప్పి సూది ఏదీ వద్దు. డెంగీ అయితే రక్తస్రావం, డెంగీ కాకపోయినా కిడ్నీకి దెబ్బ. ఒళ్లు ఎండిపోయి, టెల్మిసార్టాన్ వేసుకుని, పైన నొప్పి సూది పడితే సగం కిడ్నీ రెండు రోజుల్లో డయాలసిస్ దాకా పోతుంది. దీన్ని ప్రతి వానాకాలం చూస్తాను, ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే ఆ సూది లేకుండా ఆ మనిషి ఇంటికి వెళ్లిపోయేవాడు. పారాసిటమాల్ 650 గోలీ, ఆరు గంటలకు ఒకటి, రోజుకు నాలుగు మించకుండా. కల్లు, సారా ఎక్కువగా తాగేవాళ్లయితే అంతకంటే తగ్గించాలి.

గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, డెంగీ అనుమానం రాగానే రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ గోలీలు సొంతంగా ఆపకండి. స్టెంట్ కొత్తదైతే ఆపడమే ప్రాణాంతకం కావచ్చు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే కొనసాగించడం ప్రమాదం. అది చేర్చుకున్న డాక్టరు, గుండె డాక్టరు మాట్లాడుకుని తేల్చాలి. ఫ్లూ విషయంలో ఇంకొకటి తెలుసుకోవాలి. కెనడాలోని ఒంటారియోలో చేసి 2018లో ప్రచురించిన పరిశీలనలో, ఫ్లూ అని పరీక్షలో తేలిన తర్వాత మొదటి ఏడు రోజుల్లో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు రోజుల కంటే ఆరు రెట్లు ఉంది. జ్వరం తగ్గిన నాలుగో రోజున పొలానికి పోయి కుప్పకూలిన మనిషి గురించి "జ్వరం తగ్గింది, బాగానే ఉన్నాడు, ఉన్నట్టుండి పోయాడు" అంటారు. ఆ రెండు జబ్బులకూ సంబంధం ఉందని ఇంట్లోవాళ్లకు తెలియదు. జ్వరం తగ్గాక కనీసం రెండు వారాలు బాపును మందు పిచికారీ, బస్తాలు మోయడం లాంటి పనులకు పంపకండి.

ఊపిరితిత్తుల జబ్బు మన ఉత్తర తెలంగాణలో ఎంత ఉందో బయటివాళ్లకు తెలియదు. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి బొగ్గు గనుల్లో దుమ్ము పీల్చినవాళ్లు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే అమ్మలు, ఇరవై ముప్పై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్నవాళ్లు. దమ్ము ఉన్నవాళ్లకు మామూలు జలుబు వైరస్ కూడా వారంపాటు ఊపిరాడనివ్వదు. వాళ్లకు ఇన్‌హేలర్ ఆపితేనే ముప్పు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని చాలామంది జలుబు చేసినప్పుడే మానేస్తారు, అది తలకిందులు ఆలోచన. కాలేయం చెడిపోయినవాళ్లకు వానాకాలం కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ పచ్చకామెర్లు ప్రాణం మీదికి తెస్తాయి, వాళ్లు కాచి చల్లార్చిన నీళ్లే తాగాలి.

ఉట్నూర్, ఆసిఫాబాద్, ములుగు వైపు గోండు, కోయ గూడేల్లో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఉన్న పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక మాట. పార్వోవైరస్ బి19 అనే వైరస్ మామూలు పిల్లలకు చెంపల మీద ఎర్రటి దద్దుర్లు తెచ్చి పోతుంది. అది ఎముక మజ్జలో ఎర్ర రక్తకణాల తయారీని వారం, పది రోజులు ఆపేస్తుంది. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది కాబట్టి వారం ఆగినా తెలియదు. సికిల్ సెల్ కణం బతికేదే 10 నుంచి 20 రోజులు. వారం ఆగితే రక్తం సగానికి పడిపోతుంది. జ్వరంతో పాటు పిల్ల ఉన్నట్టుండి తెల్లగా పాలిపోయి, ఆటకు లేవకపోతే ఆ రోజే హిమోగ్లోబిన్ చూపించి, రక్తం ఎక్కించగల దవాఖానకు తీసుకెళ్లాలి. పాత జబ్బు వైరస్‌ను ఎలా మార్చేస్తుందో చెప్పడానికి నాకు తెలిసిన అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ ఇది.

బాపు ఇంట్లో ఉండాల్సినవి షుగర్ మీటర్, పల్స్ ఆక్సిమీటర్, థర్మామీటర్, వీలైతే బీపీ మిషన్. జ్వరం ఉన్నన్నాళ్లూ షుగర్ రోజుకు నాలుగుసార్లు చూడాలి. రెండుసార్లు వరుసగా 300 దాటినా, 70 కంటే పడినా ఫోన్ చేయాలి. ఆక్సిజన్ 94 కంటే తగ్గితే అదే రోజు దవాఖాన, 90 కంటే తగ్గితే వెంటనే 108. ఆరు గంటలు మూత్రం రాకపోవడం, ఆగని వాంతులు, గట్టి కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, చేతులు కాళ్లు చల్లబడడం, మాట తడబడడం, మగతగా పడి ఉండడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. పరకాల నుంచి వరంగల్ రావాలంటే అర్ధరాత్రి బండి ఎవరిదో, ఎవరు వెంట వస్తారో ఇప్పుడే మాట్లాడిపెట్టుకోండి. ఎంజీఎం దవాఖానకు వస్తే వెంట చీటీలు, పాత రిపోర్టులు, వేసుకునే గోలీల స్ట్రిప్పులు అన్నీ ఒక కవర్‌లో పెట్టి తేవాలి. పాత క్రియాటినిన్ 1.6 అని తెలిస్తే, కొత్తగా వచ్చిన 2.4 ఎంత ప్రమాదమో డ్యూటీ డాక్టరుకు వెంటనే అర్థమవుతుంది. ఆ కాగితం లేకపోతే "పాత కిడ్నీ జబ్బేమో" అనుకునే వీలుంది.

ఫ్లూ టీకా ఏటా వేయించండి, వానలు మొదలయ్యే ముందు వేయిస్తే మంచిది. మన దగ్గర ఫ్లూ వానాకాలంలోనూ, మళ్లీ జనవరి నుంచి మార్చి దాకానూ పెరుగుతుంది. మేడారం జాతర వచ్చేది ఆ రెండో విడతలోనే, కాబట్టి జాతర ఏడాది అసలు మర్చిపోవద్దు. న్యుమోకోకల్ టీకా కూడా ఈ వయసులో షుగర్ ఉన్నవాళ్లకు వేయించదగినదే. వైరస్ వెనకాల వచ్చే న్యుమోనియా ముప్పును అది కొంత తగ్గిస్తుంది.

బాపు తిండి తగ్గించారని రాశారు, అది నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. ఆయనకు ఇంకా జ్వరమే రాలేదు, భయంతోనే తిండి మానేసి ఆ మూడు గోలీలూ వేసుకుంటున్నారు. పైన చెప్పిన షుగర్ పడిపోవడమైనా, ఆమ్లం పెరగడమైనా వైరస్ లేకుండానే జరగవచ్చు. ఈ రాత్రే ఫోన్ చేసి మామూలుగా తినమనండి. ఊర్లో ఆశ కార్యకర్త ఉంటే రేపు పొద్దున పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి షుగర్ చూడమని అడగండి. పోయిన ఏడాది చేసిన క్రియాటినిన్ మీద ఇంక ఆధారపడకూడదు, ఈ వారమే మళ్లీ చేయించండి, హెచ్‌బీఏ1సీ కూడా. ఆ మూడో గోలీ స్ట్రిప్ వెనకవైపు మందు పేరు అచ్చు వేసి ఉంటుంది. ఇంట్లో చదివే పిల్లలెవరితోనైనా ఫొటో తీయించి ఆ పేరు నాకు ఇక్కడే రాయండి, డాపాగ్లిఫ్లోజిన్ అయితే ఏ రోజు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో బాపు చీటీ వెనక పెద్ద అక్షరాలతో రాయించే మాటలు నేను పంపుతాను.